టైలరు బిగుతు ప్యాంటు

శనివారం ఉదయం టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్లీడరుగారి నల్ల కోటుకు గుండీలు కుట్టి ఇచ్చేయాలి. ఆ తరువాత షాపు తలుపు ఓరగా వేసి, బల్ల కింద చాప పరుచుకుని కాసేపు కాళ్ళు చాపుకోవాలి. ఏళ్ళ తరబడి కటింగు బల్ల ముందు నిలబడి నిలబడి అతని పిక్కలు పొద్దుగూకేసరికి రాళ్ళలా గట్టిపడేవి. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పేవాడు కాదు. చెబితే అతని భార్య ఊరుకోదు. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో ఎవరు తుమ్మినా నాడి చూస్తుంది.

షాపు ముందు గదిలో, కాపురం వెనక గదుల్లో. భార్య ఆ ఉదయం డ్యూటీకి బయలుదేరుతూ, ఒక చేత్తో జడ చుట్టుకుంటూ గుమ్మంలో ఆగింది.

"ఏమండీ, బీరువాలో నల్ల ప్యాకెట్ ఒకటుంది. ఒకసారి చూడండి. సాయంత్రం వచ్చాక మాట్లాడదాం."

"ఏంటది?"

"రేపటి పరుగుకి. బస్సు వచ్చేసింది, వెళ్తున్నా!"

‘ఒకసారి చూడండి’ అన్న మాటను లోకంలో ఎవరు ఏ అర్థంతో అన్నా, టైలర్లకు వినిపించేది ఒక్కటే. నడుము దగ్గర పట్టేస్తోంది, ఒకసారి చూడండి. చంకల్లో లాగుతోంది, ఒకసారి చూడండి. ఆ మాట వినగానే అతని చెయ్యి దానంతటదే బ్లేడు కోసం వెతుక్కుంటుంది.

ప్యాకెట్లో ఒక నల్ల ప్యాంటు ఉంది. దాన్ని పైకెత్తి పట్టుకోగానే టైలరు గుండె చివుక్కుమంది. పసిపిల్లలకు కూడా పట్టేలా లేదు. ప్యాకెట్ మీద ఏదో రాసి ఉంది గాని అతను చదవలేదు. బట్టను వేళ్ళతోనే చదవడం అతనికి అలవాటు. టేపు తీసి కొలిచాడు. భార్య కొలతలు అతనికి నోటికి వచ్చు. తొడ దగ్గర తక్కువ, పిక్క దగ్గర ఇంకా తక్కువ, నడుము దగ్గర చెప్పనే అక్కర్లేదు.

"అత్తయ్యా, ఇది చూశారా? దీన్ని కుట్టినవాడెవడో గుడ్డంతా మిగుల్చుకున్నాడు!" అన్నాడు వెనక గది వైపు తిరిగి.

వెనక గదిలో బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు చేట పట్టుకునే వచ్చింది. ఆమెకు అల్లుడి చేతిపని మీద గొప్ప గురి. ఆయన కుట్టిన రవికెలు వేసుకున్నాకే నేను సుఖంగా ఊపిరి పీల్చుకుంటున్నానని అందరికీ చెబుతుంది.

"అయ్యో, ఇదేసుకుని అది పరిగెత్తడమా? ఇందులో నిలబడటమే కష్టం. కాస్త వదులు చెయ్యండి అల్లుడుగారూ, ఆడపిల్ల హాయిగా పరిగెడుతుంది."

ఆ మాట టైలరు మనసులో ఎక్కడో తగిలింది. కిందటేడు ఊళ్ళో జరిగిన పరుగులో అతని భార్య సగం దారిలో ఆగిపోయింది. పిక్కలు పట్టేశాయి, బట్ట ఒరుసుకుని తొడలు కందిపోయాయి. టాక్సీలో ఇంటికి వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా బూట్లు కడిగి ఆరబెట్టి, మర్నాడు డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమె ఏడ్చినా బాగుండేదనిపించింది టైలరుకు. ఏడ్చేవాళ్ళనైతే ఓదార్చవచ్చు, బూట్లు కడిగేవాళ్ళను ఏమని ఓదార్చాలి? అప్పటినుంచి ఆమె తెల్లారకముందే లేచి పరిగెత్తి వస్తూనే ఉంది. ఎండా వానా చూడలేదు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజుల్లో కూడా మానలేదు. అతను గుమ్మంలో నిలబడి మంచినీళ్ళు అందించేవాడు. అంతకుమించి ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

ఇవాళ తెలిసింది. కోటు పక్కన పెట్టి బ్లేడు అందుకున్నాడు.

ప్యాంటును తిరగేసి చూసినప్పుడు మాత్రం అతని చెయ్యి క్షణం ఆగింది. లోపల ఎక్కడా కుట్టు గట్టు కట్టి లేదు. రెండు ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పడుకున్నట్టు అతికాయి. వేలితో తడిమితే ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు. గుడ్డ దొంగ అయితే అయ్యాడు గాని, చేతిలో పనితనం ఉంది అనుకున్నాడు. గౌరవంగానే విప్పాడు. రెండు వైపులా నడుము నుంచి చీలమండ దాకా విప్పి, తన దగ్గరున్న గట్టి నల్ల నూలు గుడ్డను బెత్తెడు వెడల్పున కత్తిరించి అతికించాడు. పని పూర్తయ్యేసరికి అది ఇద్దరు మనుషులు సర్దుకుని కాపురం చెయ్యగలిగినంత విశాలమైన పైజామా అయింది.

అత్తగారు మురిసిపోయింది. "ఇప్పుడు గాలి ఆడుతుంది."

సరిగ్గా అప్పుడే మెడలో విజిల్‌తో బావమరిది వచ్చాడు. అతను బడిలో డ్రిల్లు మాస్టారు. రేపటి పరుగుకు ఎన్నింటికి బయలుదేరాలో అక్కతో చెప్పి పోదామని వచ్చాడు. బల్ల మీద పరిచి ఉన్న దాన్ని చూసి నవ్వాడు.

"ఎవరిది బావా ఈ గుడారం?"

"మీ అక్కదే. రేపు పరిగెత్తడానికి తెచ్చుకుంది. బిగుతుగా ఉంటే వదులు చేశా."

డ్రిల్లు మాస్టారు నవ్వు ఆగిపోయింది. ప్యాకెట్ తీసి చూశాడు. పైజామాను చూశాడు. మళ్ళీ ప్యాకెట్ చూశాడు. తల పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"బావా! ఇది కంప్రెషన్ ప్యాంటు. బిగుతుగా ఉండటమే దాని పని! దాన్ని వదులు చేస్తే ఇంకేం మిగిలింది?"

"బిగుతుగా ఉండటం కూడా ఒక పనా?"

"పరిగెత్తేటప్పుడు అడుగు పడ్డప్పుడల్లా పిక్క అదురుతుంది. తొడ అదురుతుంది. అలా అదిరీ అదిరీ కండ అలిసిపోతుంది. ఇది చుట్టూ పట్టుకుని ఆ అదురు తగ్గిస్తుంది. ఒంటికి అతుక్కుని ఉంటుంది కాబట్టి ఒరుసుకోదు. చెమట పీల్చి బయటికి వదిలేస్తుంది. పరుగయ్యాక కూడా వేసుకుని ఉంటే మర్నాడు నొప్పులు తక్కువగా ఉన్నట్టుంటాయి. అలాగని ఇదేసుకుంటే గుర్రంలా పరిగెడతారని కాదు. కాళ్ళు మనవే, కష్టం మనదే. కానీ ఎవరో పక్కనుండి పట్టుకున్నట్టు ఓ ధైర్యం బావా!"

టైలరు చొక్కా జేబులో డబ్బులు తడుముకున్నాడు. "ఇంకోటి కొందాం పద."

"నిన్న నేను నా కోసం ఊరంతా తిరిగా. రేపు పరుగు కదా, ఎక్కడా ఒక్కటి మిగల్లేదు."

టైలరు కళ్ళజోడు తుడుచుకుని మిషను ముందు కూర్చున్నాడు. అప్పటినుంచి అతను చేసిన పని చూసి తీరవలసింది. నూలు పట్టీలు రెండూ గుడ్డకు నొప్పి తెలియకుండా విప్పాడు. అంచులు కలిపి మామూలు కుట్టు వేశాడు. బావమరిది పట్టుకుని లాగగానే టపటపా తెగింది. మొన గుండ్రంగా ఉన్న సూది మార్చి, గుడ్డను రెండు చేతులా సాగదీసి పట్టుకుని, సన్నటి వంకర కుట్టు వేశాడు. అది సాగింది గాని అంచు ముడుచుకుంది. విప్పాడు. దారం బిగువు తగ్గించి మళ్ళీ వేశాడు. కొత్త గుడ్డ, కొత్త కుట్టు, అంతవరకు చేతికి తెలియని విద్య. అయినా మూడోసారి వేసిన కుట్టు గుడ్డతో పాటు సాగి, గుడ్డతో పాటే వెనక్కి వచ్చింది. బావమరిది నోరు తెరిచాడు.

"అబ్బ! కానీ మనిషి ఒంటి మీద ఆగుతుందా?"

అదీ నిజమే. ఒంటి మీద చూడాలంటే ఒళ్ళు కావాలి. డ్రిల్లు మాస్టారు తొడ ఒక్కటే ఆ ప్యాంటు మొత్తానికి సరిపోతుంది. అత్తగారి వైపు ఇద్దరూ చూశారు. ఆమె చేట అడ్డం పెట్టుకుని, "నా జోలికి రాకండి" అంది. మిగిలింది గడకర్రలాంటి టైలరు ఒక్కడే.

ఆ ప్యాంటు ఎక్కించడం మామూలు పని కాలేదు. చీలమండ దాకా సులువుగానే వచ్చింది. పిక్క దగ్గర పట్టింది. మోకాలి దగ్గర మొండికేసింది. చివరికి టైలరును కటింగు బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ళు పైకెత్తించి, అత్తగారు భుజాలు అదిమి పట్టుకుంటే, బావమరిది నడుము పట్టీ పట్టుకుని లాగసాగాడు.

కోటు కోసం ప్లీడరుగారు గుమ్మంలోకి వచ్చింది అప్పుడే. ఆయనకు కనిపించినవి రెండు నల్లటి కాళ్ళు, గాలిలో నిటారుగా. వినిపించినవి మూలుగులు.

"ఏమైందమ్మా?" అన్నాడు హడలిపోయి.

అత్తగారు తల తిప్పకుండానే జవాబిచ్చింది. "బిగుసుకుపోయాయండీ! ఎంత లాగినా రావడం లేదు!"

ఆమె చెప్పింది ప్యాంటు సంగతి. ప్లీడరుగారికి అర్థమైంది కాళ్ళ సంగతి. ఆయన గుమ్మంలోంచే వెనక్కి తిరిగి పక్కనున్న మందుల షాపులోకి దూకాడు.

"టైలరుకి కాళ్ళు పడిపోయాయి! తొడల దాకా నల్లబడ్డాయి! నా కళ్ళతో చూశా, ఇద్దరు మనుషులు లాగినా వంగడం లేదు!"

ప్లీడరుగారు ఏది చెప్పినా నమ్మేలా చెబుతాడు. అది ఆయన వృత్తి. మందుల షాపాయన మరో ప్రశ్న వెయ్యకుండా ఆసుపత్రికి ఫోన్ చేశాడు. నర్సుల గదిలో ఎవరో ఎత్తారు. ఆ ఎవరో ఇంకెవరికో చెప్పారు. వార్డులో మందులు పంచుతున్న టైలరు భార్య దగ్గరికి చేరేసరికి ఆ కబురు, "మీ ఆయన కాళ్ళు నల్లబడి చచ్చుబడ్డాయట, నడుము దాకా పాకిందట, మాట కూడా పోయిందట" అని పెరిగింది. మాట పోయిందని ఎవరన్నారో మాత్రం చివరికీ తేలలేదు.

ఆమె చేతిలోని ట్రే పక్కనామె చేతిలో పెట్టి, మెట్లు దిగి, గేటు దగ్గర బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న అంబులెన్సు ఎక్కింది.

ఇక్కడ షాపులో ప్యాంటు చివరికి ఎక్కింది. టైలరు బల్ల దిగి నిలబడ్డాడు. ఒక అడుగు వేశాడు. ఆగాడు. ఇంకో అడుగు వేశాడు. రోజంతా రాళ్ళలా వేలాడే పిక్కలను ఎవరో రెండు చేతులా దగ్గరికి తీసుకుని నిమురుతున్నట్టుంది. అతను అద్దం ముందు పక్కకు తిరిగి చూసుకుని, ఇంతసేపూ గుడ్డ దొంగ అని తిట్టిన అజ్ఞాత దర్జీకి మనసులోనే క్షమాపణ చెప్పాడు.

"కుట్టు ఆగింది" అన్నాడు.

"నిలబడితే ఆగుతుంది బావా. పరిగెత్తితే? రేపు అక్క దారి మధ్యలో ఉండగా, అందరి ముందూ పర్రున చిరిగితే?"

ఇస్త్రీ లేని ప్యాంటుతో ఎన్నడూ గుమ్మం దాటని మనిషి టైలరు. చొక్కా పై గుండీ పెట్టుకోకుండా పాలు కూడా తెచ్చేవాడు కాదు. వీధి వైపు చూశాడు. శనివారం, వీధి నిండా తనకు తెలిసినవాళ్ళే. సగం మంది తను కుట్టిన బట్టల్లోనే తిరుగుతున్నారు. మళ్ళీ, బూట్లు కడుగుతూ వంగిన భార్య వీపు కళ్ళ ముందు మెదిలింది. చొక్కాను వీలైనంత కిందికి లాక్కున్నాడు.

"మలుపు దాకా వెళ్ళొస్తా" అని పరుగు లంకించుకున్నాడు.

మొదట సిగ్గుతో పరిగెత్తాడు. కాసేపటికి సిగ్గు మరిచిపోయి పరిగెత్తాడు. అడుగు పడుతోంది గాని అదురు లేదు. గుడ్డ కాలితో పాటు కదులుతోంది, ఒరుసుకోవడం లేదు. ఊపిరి మాత్రం అందడం లేదు, దానికి ప్యాంటు చెయ్యగలిగిందేమీ లేదు. మలుపు వచ్చింది. ఇంత దూరం వచ్చాను కదా, కుట్టును ఇంకాస్త పరీక్షిద్దామని పార్కు రోడ్డెక్కాడు.

అటువైపు నుంచే అంబులెన్సు వస్తోంది. ముందు సీట్లో, గుప్పిట్లో ప్రాణాలు పెట్టుకుని కూర్చున్న భార్య, ఎదురుగా నల్లటి కాళ్ళతో దూసుకుపోతున్న మనిషిని చూసింది.

"ఆపండి! వెనక్కి తిప్పండి! మా ఆయన!"

డ్రైవరు అద్దంలో చూశాడు. "కాళ్ళు పడిపోయాయన్నారు కదమ్మా? ఆయన పరిగెడుతున్నారు."

"అదే నాకు భయంగా ఉంది! తొందరగా!"

డ్రైవరు బండి తిప్పి సైరన్ వేశాడు. టైలరు మర్యాదస్తుడు. వెనక అంబులెన్సు సైరన్ వినిపించగానే, పాపం ఎవరి ప్రాణం మీదికో వచ్చింది, అడ్డంగా ఉండకూడదని వేగం పెంచాడు. పక్క దారిలోకి తప్పుకున్నాడు. అంబులెన్సూ ఆ పక్క దారిలోకే వచ్చింది. ఇంకో సందులోకి తిరిగాడు. అదీ తిరిగింది. ఇవాళ ఎటు తప్పుకున్నా వాళ్ళ దారికే అడ్డం పడుతున్నానని మనసులో నొచ్చుకుంటూ, శక్తి కొద్దీ పరిగెత్తాడు.

"ఈయన కాళ్ళకి ఏ జబ్బు వచ్చిందో గానీ, అది నాక్కూడా వస్తే బాగుండునమ్మా" అన్నాడు డ్రైవరు స్టీరింగు తిప్పుతూ.

బాల్కనీల్లోంచి జనం తొంగి చూశారు. రేపటి పరుగులో దిగబోయే పెద్ద ఆటగాడెవరో ముందుగా దారి చూసుకుంటున్నాడని, వెనక అంబులెన్సును కూడా పెట్టారని అనుకున్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అవి వీధి పొడవునా అంటుకున్నాయి. తను కుట్టిన చొక్కాలు వేసుకున్నవాళ్ళే తనను గుర్తుపట్టకుండా చప్పట్లు కొడుతుంటే, అది ఎవరి కోసమో తెలియక టైలరు కూడా పరిగెడుతూనే చెయ్యి ఊపాడు.

ఆ సందు గోడ దగ్గర ముగిసింది. టైలరు ఆగాడు. వంగి, ఊపిరి తీసుకునేముందే తొడ పక్కన కుట్టును వేలితో తడిమి చూశాడు. ఒక్క పోగు కూడా కదల్లేదు. మొహమంతా వెలుగుతో తలెత్తేసరికి, ఎదురుగా అంబులెన్సు దిగుతూ భార్య.

ఆమె పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని నాడి చూసింది. కనురెప్పలు లాగి చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని పిక్కలు నొక్కింది. అప్పుడు గాని నల్లదనం గుడ్డదని ఆమెకు అర్థం కాలేదు.

"నొప్పి ఉందా?"

"లేదు."

"మాట్లాడుతున్నారా?"

"మాట్లాడుతున్నాగా! ఏమైంది? ఎవరికి బాగాలేదు?"

ఆమె లేచి మళ్ళీ నాడి పట్టుకుంది. టైలరు మాత్రం ఇక దాచలేకపోయాడు.

"నన్ను తిట్టు. నీ ప్యాంటు పాడుచేశా. బిగుతుగా ఉందని వదులు చేశా, మీ తమ్ముడు వచ్చి చెప్పేదాకా తెలీలేదు. మళ్ళీ కుట్టా. పరుగులో ఆగుతుందో లేదోనని నేనే వేసుకుని చూశా. ఇదిగో చూడు, ఎక్కడా విడిపోలేదు. రేపు నువ్వు సగంలో ఆగక్కర్లేదు. ఈసారి ఆగవు."

ఆమె అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. ఎండలో చెమటకు తడిసిన చొక్కా, పైన పెట్టి ఉన్న గుండీ, కింద ఊరంతా చూసిన కాళ్ళు. ఇస్త్రీ మడత నలిగితే బాధపడే ఈ మనిషి తన కోసం ఇంత దూరం ఈ వేషంలో పరిగెత్తాడు.

"నా ప్యాంటా?" అంది మెల్లగా. యూనిఫారం ప్యాంటు అంచు కొద్దిగా పైకి లాగింది. లోపల నల్లగా, బిగుతుగా మరొకటి ఉంది. "నాది నెల రోజులుగా డ్యూటీలో యూనిఫారం కిందే ఉంటోంది. వార్డులో నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తుంటే ఇదే కాపాడుతోంది. అది మీది."

"నాదా?"

"పిక్కలు నొప్పని మీరు చెప్పకపోతే నాకు తెలీదనుకున్నారా? రాత్రి నిద్రలో మీరే నొక్కుకుంటారు. మీ కొలతలతో తెచ్చా. చూడండి అన్నాను కదా!"

"చూడండి అంటే..." అని టైలరు మొదలుపెట్టి ఊరుకున్నాడు.

"మా తమ్ముడికి చెప్పలేదు. వాడి కడుపులో మాట దాగదు. రేపటి పరుగుకి మీ పేరు కూడా ఇచ్చా. నడిచినా సరే, నాతో రండి."

"నన్ను అడక్కుండానే ఇచ్చావా?"

"మీరు నన్ను అడిగే విప్పారా?"

ఆమె మరోసారి వంగి, ఈసారి నర్సులా కాకుండా, ఆ కుట్టు పొడవునా వేలు పెట్టి చూసింది. రెండు ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పడుకున్నట్టే ఉన్నాయి.

"కంపెనీ కుట్టు కంటే మీ కుట్టే బాగుంది" అంది. అతను సిగ్గుతో చొక్కా కిందికి లాక్కున్నాడు.

ఆదివారం ఆమె ఎక్కడా ఆగకుండా పరుగు పూర్తి చేసింది. చివరి గీత దాటాక ఈసారి కన్నీళ్ళు పెట్టుకుంది, అక్కడ ఓదార్చేవాడు మాత్రం ఇంకా రాలేదు. చాలాసేపటి తరువాత టైలరు వచ్చాడు, సగం నడిచి, సగం పరిగెత్తి, కుట్టు చెక్కుచెదరకుండా. అత్తగారు, బావమరిది, చేతిలో గుండీలు లేని కోటుతో ప్లీడరుగారు అందరూ చప్పట్లు కొట్టారు.

చివరి గీత దగ్గర డ్యూటీలో ఉన్న అంబులెన్సు డ్రైవరు మాత్రం, నిన్నటితో పోలిస్తే ఆయన బాగా నెమ్మదించాడని, డాక్టరుకు చూపిస్తే మంచిదని అన్నాడు.